బూజ్: ‘మందు’ అనే మాటకి ఇంగ్లిష్ చుట్టం

కొన్నాళ్ల కిందట ఒక ఇంగ్లిష్ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పని చేశాను. అందులో ఒక పార్టీ సీను ఉంది. ఆలస్యంగా వచ్చిన కుర్రాడు తలుపు తోసుకుని లోపలికొచ్చి, ఎవరికీ హలో కూడా చెప్పకుండా, ‘వేర్ ఈజ్ ద బూజ్?’ అంటాడు. నేను డిక్షనరీ చూసి బుద్ధిగా ‘మద్యం ఎక్కడ ఉంది?’ అని రాశాను. మర్నాడు ప్లే చేసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. సరదాగా పార్టీకొచ్చిన కుర్రాడు కాస్తా సోదా చేయడానికి వచ్చిన ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ అయిపోయాడు. డిక్షనరీ అర్థం సరిగ్గానే ఉంది, మనిషే మారిపోయాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని చాలాసేపు తవ్వాను. తవ్విన కొద్దీ తేలిందేంటంటే, బూజ్ అనే మాటని ‘ఆల్కహాల్’కి ఇంకో పేరు అనుకుంటే సగమే అర్థమైనట్టు. గ్లాసులో ఏముందో అన్నది ఆ మాటకి పెద్దగా పట్టదు. ఎవరు, ఎవరితో, ఏ మూడ్‌లో మాట్లాడుతున్నారన్నది మాత్రం చెప్పేస్తుంది. తెలుగులో ‘మద్యం’ అన్నా ‘మందు’ అన్నా ఒకే సీసా, కానీ ‘మద్యం’ అనేవాడు ప్రెస్ నోట్ చదువుతున్నట్టుంటాడు, ‘మందు’ అనేవాడు పక్కన కూచుని భుజం మీద చెయ్యేసినట్టుంటాడు. ఆల్కహాల్‌కీ బూజ్‌కీ మధ్య దూరం కూడా దాదాపు అంతే.

ముందు ఉచ్చారణ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే తెలుగు లిపిలో రాస్తే ఇది గోడ మూల పట్టే బూజులా కనిపిస్తుంది. చివరి శబ్దం మన ‘జ’ కాదు, ఇంగ్లిష్ వాళ్లు ‘జీబ్రా’ అనేటప్పుడు మొదట్లో పలికే శబ్దం. ‘బూ’ దగ్గర దీర్ఘం గట్టిగా ఉండాలి. ఆ అచ్చు మారి ‘బజ్’ అయితే అది వేరే మాట. తమాషా ఏంటంటే ఆ మాటకీ తాగుడు సంబంధం ఉంది: రెండు గుక్కలు పడ్డాక తల కాస్త తేలిగ్గా అనిపించే స్థితిని బజ్ అంటారు. అంటే బూజ్ పడితే బజ్ వస్తుంది, రెండూ ఒకటి కాదు.

ఇక వ్యాకరణం. బూజ్ నామవాచకంగా వాడినప్పుడు లెక్కపెట్టలేని మాట, నీళ్లలాగా. ‘ఎ బూజ్’ అనరు, ‘టూ బూజెస్’ అసలే అనరు. ‘సమ్ బూజ్’, ‘ద బూజ్’, ‘టూ మచ్ బూజ్’ ఇలా నడుస్తుంది. బార్‌లో కూచుని ‘వన్ బూజ్ ప్లీజ్’ అంటే అవతలివాళ్లకి అర్థమవుతుంది గానీ నవ్వుతారు, ఎందుకంటే బార్‌లో బీరో వైనో విస్కీయో అడగాలి. బూజ్‌లో బీరూ వైనూ విస్కీ రమ్మూ అన్నీ కలిసే ఉంటాయి. అమెరికన్లు మామూలు మాటల్లో ‘లిక్కర్’ అంటే బట్టీ పెట్టి తీసిన గట్టి సరుకే, బీరు అందులోకి రాదు. ‘స్పిరిట్స్’ అన్నా అంతే. బూజ్‌కి అలాంటి పట్టింపుల్లేవు.

క్రియగా వాడినప్పుడు ఇంకో విచిత్రం ఉంది. ఇంగ్లిష్‌లో బీరుని ‘డ్రింక్’ చేయొచ్చు గానీ ‘బూజ్’ చేయలేరు. ‘హి బూజ్డ్ ఎ బీర్’ అని ఎవరూ అనరు. ‘హి బూజెస్’ అంటే అక్కడితో వాక్యం అయిపోయింది, ఏం తాగుతాడో చెప్పాల్సిన పని లేదు, తాగుతాడు, అదీ గట్టిగా, అదీ తరచుగా. మనం ‘వాడు తాగుతాడు’ అంటాం చూడండి, ఏం తాగుతాడు, నీళ్లా మజ్జిగా అని ఎవరైనా అడుగుతారా? కర్మ లేకపోవడమే అసలు కర్మ అన్నమాట! ఇంగ్లిష్‌లో ‘డ్రింక్’ క్రియ కూడా ఈ పని చేస్తుంది, ‘డు యూ డ్రింక్?’ అని అడిగితే కాఫీ గురించి కాదు. కాకపోతే ‘డ్రింక్’ మర్యాదగా చెప్పీ చెప్పనట్టు చెబుతుంది, బూజ్ కాస్త కన్నుకొట్టి చెబుతుంది.

ఈ మాట నిన్నమొన్నటి స్లాంగ్ అని చాలామంది అనుకుంటారు. కాదు. సుమారు 1300 నాటికే ఇంగ్లిష్‌లో ఉంది, అప్పట్లో దాన్ని ‘బూస్’కి దగ్గరగా పలికేవాళ్లు. డచ్ వాళ్ల పాత భాషలో అతిగా తాగడాన్ని ‘బూసెన్’ అనేవాళ్లు, అక్కడి నుంచి సముద్రం దాటి వచ్చింది. జర్మన్ పాత రూపాల్లో దీని చుట్టం మాటకి ఉబ్బడం, వాపు అని అర్థం. పీకల దాకా తాగినవాడి మొహం ఒకసారి గుర్తు తెచ్చుకుంటే ఆ చుట్టరికం ఎక్కడ కలిసిందో చెప్పక్కర్లేదు. ఒకేసారి విపరీతంగా తాగడానికి ఇప్పుడు వాడే ‘బింజ్’ అనే మాట కథ కూడా ఇలాంటిదే: ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ యాసలో చెక్క తొట్టెలు కారకుండా నీళ్లలో నానబెట్టి చెక్క ఉబ్బేలా చేయడాన్ని అలా అనేవాళ్లు, తర్వాత తొట్టె పోయి మనిషి వచ్చాడు.

ఇక్కడ భాష పిచ్చి ఉన్నవాళ్లకి ఒక చిన్న పజిల్. పాత ఇంగ్లిష్‌లో ‘హూస్’ అని పలికింది ఇప్పుడు ‘హౌస్’, ‘మూస్’ అన్నది ‘మౌస్’. 15వ శతాబ్దం నుంచి మొదలైన ఒక పెద్ద అచ్చుల మార్పులో ఇలాంటి మాటలన్నీ మారిపోయాయి. ఆ లెక్కన మన మాట ఇవాళ ‘బౌజ్’ అయి ఉండాలి. నిజంగానే ‘బౌజ్’ అనే రూపం కొన్ని వందల ఏళ్లు నడిచింది, పాత కవిత్వంలో కూడా కనిపిస్తుంది. మరి ‘బూజ్’ ఎలా గెలిచింది? ఏదో ఒక ప్రాంతపు యాసలో పాత పలుకుబడి అలాగే మిగిలిపోయి, తర్వాత మెల్లగా అందరి నోటికీ ఎక్కి ఉంటుందని అనుకుంటారు. పండితులు పట్టించుకోని మాటలకి ఇలాంటి అదృష్టం పడుతుంటుంది, ఎవరూ దిద్దరు కాబట్టి తమ ఇష్టం వచ్చినట్టు బతికేస్తాయి.

పండితులు పట్టించుకోలేదు గానీ దొంగలు మాత్రం బాగా పట్టించుకున్నారు. 1560ల్లో ఇంగ్లండ్‌లో థామస్ హార్మన్ అనే ఆయన దేశదిమ్మరులూ బిచ్చగాళ్లూ దొంగలూ తమలో తాము మాట్లాడుకునే రహస్య భాషని పోగుచేసి అచ్చు వేయించాడు. అందులో తాగేదాన్ని ‘బౌజ్’ అనీ, తాగే కొట్టుని ‘బౌజింగ్ కెన్’ అనీ రాశాడు, ‘కెన్’ అంటే వాళ్ల భాషలో ఇల్లు. అంటే మాట పుట్టిన రెండు మూడు వందల ఏళ్లకే వీధి భాషలో గట్టిగా స్థిరపడిపోయింది. ఇప్పటికీ దానికి ఆ వీధి వాసన పూర్తిగా పోలేదు, పోకపోవడమే దాని బలం కూడా.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో తెగ తిరిగే ఒక కథ చూద్దాం. అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఇ. జి. బూజ్ అనే విస్కీ వ్యాపారి ఉండేవాడు, ఆయన విస్కీ గుడిసె ఆకారంలో ఉన్న గాజు సీసాల్లో వచ్చేది, సీసా మీద ఆయన పేరు ఉబ్బెత్తుగా పోతపోసి ఉండేది, అందుకే మందుకి బూజ్ అనే పేరొచ్చింది అంటారు. ఇందులో వ్యాపారి నిజం, సీసా నిజం, పాత వస్తువులు పోగుచేసేవాళ్లు ఆ సీసాల కోసం ఇప్పటికీ వెతుకుతుంటారు. అబద్ధమల్లా ఆ చివరి ముక్క. ఆయన వ్యాపారం 19వ శతాబ్దంలో, మాట పుట్టింది 1300 ప్రాంతంలో. ఐదొందల ఏళ్ల తర్వాత పుట్టిన మనిషి పేరు మీదుగా మాట రావడం కుదరదు కదా. మహా అయితే, అప్పటికే నోళ్లలో నానుతున్న మాటకి ఆ సీసాలు ఉచితంగా పబ్లిసిటీ ఇచ్చి ఉంటాయి. ఆ పేరుతో పుట్టి ఆ వ్యాపారంలోకే దిగాడంటే మాత్రం ఆయన రాతని మెచ్చుకోవాలి.

ఆయన ఊరివాడే, ఆయనకంటే ఎంతో ముందు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక సరదా పని చేశాడు. 1737 జనవరిలో తన ‘పెన్సిల్వేనియా గెజెట్’ పత్రికలో, ఒక మనిషి తాగి ఉన్నాడని చెప్పడానికి జనం వాడే మాటలన్నీ అక్షర క్రమంలో పేర్చి అచ్చేశాడు. రెండొందలకి పైగా ఉన్నాయి. ‘బి’ కింద ‘బూజీ’ ఉంది, పక్కనే ‘బౌజ్డ్’ ఉంది, అంటే అప్పటికి రెండు రూపాలూ పక్కపక్కనే బతుకుతున్నాయన్నమాట. అదే అక్షరం కింద ‘వాడి తల నిండా తేనెటీగలు’, ‘వాడికి ఎలుగుబంట్లు కనిపిస్తున్నాయి’, ‘బార్బడోస్ వెళ్లొచ్చాడు’ లాంటివి కూడా ఉన్నాయి. బార్బడోస్ అంటే రమ్ము పుట్టిల్లు, కాబట్టి ఆ ఒక్కటీ సులభంగానే అర్థమవుతుంది, ఎలుగుబంట్ల సంగతి మాత్రం తాగినవాడినే అడగాలి. ఆ జాబితాలో చాలా మాటలు ఎప్పుడో చచ్చిపోయాయి. బూజీ మాత్రం నిక్షేపంగా ఉంది. కాకపోతే ఇప్పుడు మనిషికంటే సందర్భానికి ఎక్కువ తగిలిస్తున్నారు: ‘బూజీ లంచ్’ అంటే తిండికంటే తాగుడు ఎక్కువ జరిగిన భోజనం, ‘బూజీ కేక్’ అంటే రమ్మో బ్రాందీయో పట్టించిన కేకు.

ఈ మాట దశ తిరిగింది అమెరికా మద్యనిషేధ కాలంలో. 1920 జనవరి నుంచి 1933 డిసెంబర్ దాకా అక్కడ మద్యం తయారీ, అమ్మకం, రవాణా చట్టవిరుద్ధం. దానికి ముందే బిల్లీ సండే అనే మాజీ బేస్‌బాల్ ఆటగాడు మత ప్రచారకుడిగా మారి, ఊరూరా తిరిగి వేలమంది ముందు మద్యం మీద విరుచుకుపడేవాడు, ఆయన పేరుమోసిన ప్రసంగాన్ని జనం ‘బూజ్ సెర్మన్’ అనే పిలిచేవాళ్లు. ఆయన ‘ఆల్కహాల్’ అనే పొడి మాటతో సరిపెట్టుకోలేదు. తిట్టాలంటే తిట్టడానికి పనికొచ్చే మాట కావాలి. అదే కాలంలో దొంగచాటుగా అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కూడా దాన్ని బూజ్ అనే ముద్దుగా అన్నారు. ఇంత విడ్డూరం అరుదుగా జరుగుతుంది, ఒకే మాటని శత్రువులు తిట్టుగా, ప్రేమికులు ముద్దుపేరుగా వాడటం. ఇప్పటికీ బూజ్‌లో ఆ రెండు రుచులూ ఉన్నాయి. ‘లెట్స్ గెట్ సమ్ బూజ్’ అంటే సరదా. ‘ఇట్ వాజ్ ద బూజ్’ అని ఎవరైనా తల దించుకుని అంటే అక్కడ ఒక సంసారం కూలిపోయిందని అర్థం.

ఆ ‘ద’ని కాస్త గమనించండి. ‘ఆన్ ద బూజ్’ అంటే మళ్లీ మొదలెట్టాడని, ‘ఆఫ్ ద బూజ్’ అంటే మానేశాడని. ‘ద బూజ్ ఈజ్ టాకింగ్’ అంటే మాట్లాడేది మనిషి కాదు, లోపలున్న మందు. ఈ వాడుకల్లో బూజ్ ఒక వస్తువులా కాకుండా ఇంట్లో తిష్ట వేసిన మనిషిలా ప్రవర్తిస్తుంది. మానేసినవాణ్ని ‘ఆన్ ద వ్యాగన్’ అని కూడా అంటారు. దీని వెనక కూడా ఒక కట్టుకథ ఉంది, లండన్‌లో ఉరితీతకి తీసుకెళ్లే ఖైదీలకి దారిలో చివరి గుక్క పట్టించి, మళ్లీ బండెక్కించాక ఇక తాగడం లేదనేవాళ్లట. వినడానికి బాగుంది గానీ ఆధారం లేదు. అసలు పూర్తి మాట ‘వాటర్ వ్యాగన్’, దుమ్ము లేవకుండా అమెరికా రోడ్ల మీద నీళ్లు చల్లుతూ తిరిగిన బండి. మందు కంటే ఆ బండెక్కి నీళ్లు తాగడమే నయం అనే జోకు, 20వ శతాబ్దం మొదట్లోది.

దేశం మారితే బూజ్ ఎలా బోల్తా కొట్టిస్తుందో చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు, ఎందుకంటే తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘బూజర్’ తీసుకోండి. అమెరికాలో బూజర్ అంటే తాగుబోతు. బ్రిటన్‌లో తాగుబోతూ కావొచ్చు, వీధి చివరి పబ్బు కూడా కావొచ్చు. ‘ఐయామ్ ఆఫ్ టు ద బూజర్’ అని లండన్ పెద్దాయన అంటే ఏ తాగుబోతునో పరామర్శించడానికి వెళ్తున్నాడని కాదు, పబ్బుకి పోతున్నాడని. పాత దొంగల భాషలోని ‘బౌజింగ్ కెన్’ పోయినా ఆ పని చేసే మాట ఒకటి మిగిలిందన్నమాట.

‘బూజ్ బస్’ ఇంకా దారుణం. పేరు వింటే తాగుతూ ఊరు తిరిగే పార్టీ బస్సు అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో దాన్ని చూస్తే డ్రైవర్ల గుండె జారిపోతుంది, ఎందుకంటే అది తాగి బండి నడిపేవాళ్లని పట్టుకునే పోలీసు బస్సు, నోట్లో గొట్టం పెట్టి ఊదమంటారు, మామూలు డ్రైవర్లకి రక్తంలో 0.05 శాతం దాటితే దొరికినట్టే. లండన్‌లో అదే పేరు ఒక రకం అంబులెన్సుకి ముద్దుపేరుగా ఉండేది, క్రిస్మస్ రోజుల్లో రోడ్ల మీద తాగి పడిపోయినవాళ్లని ఎత్తుకెళ్లడానికి తిప్పేవాళ్లు. ఒకే పేరు, ఒకచోట పోలీసు, ఒకచోట డాక్టరు. పార్టీ మాత్రం ఎక్కడా లేదు.

‘బూజ్ క్రూజ్’ అంటే అమెరికన్‌కి పాటలూ గ్లాసులూ ఉన్న పడవ షికారు. బ్రిటిష్ వాడికి మాత్రం అది దాదాపు కిరాణా పని. 1993లో యూరప్ ఒకే మార్కెట్ అయ్యాక, ఫ్రాన్స్‌లో పన్ను కట్టి కొన్న మందుని సొంత వాడకానికైతే ఇంటికి తెచ్చుకోవచ్చన్నారు, బ్రిటన్‌లో పన్నులు చాలా ఎక్కువ, దాంతో జనం వ్యాన్లు వేసుకుని సముద్రం దాటి ఫ్రాన్స్ రేవు పట్టణం కాలేకి పోయి డిక్కీ నిండా పెట్టెలు నింపుకొచ్చేవాళ్లు. సొంత వాడకమేనని నమ్మడానికి అధికారులు పెట్టుకున్న గుర్తు గీత 110 లీటర్ల బీరు, 90 లీటర్ల వైను! ఒక మనిషికి! బ్రిటన్ యూరప్ కూటమి నుంచి బయటికొచ్చాక, 2021 నుంచి పన్ను లేకుండా తెచ్చుకునేది 42 లీటర్ల బీరు, 18 లీటర్ల సాదా వైను దగ్గర ఆగింది, ఆ యాత్రల జోరూ తగ్గింది.

బూజ్‌కి దగ్గరి మాటలు బోలెడు, అన్నీ చెప్పను, రెండే చెబుతా. ‘హూచ్’ అంటే నాటుసారా లాంటి చవక సరుకు. అలాస్కాలో ట్లింగిట్ జాతివాళ్ల ఒక తెగ పేరు నుంచి వచ్చింది, అక్కడ కాచిన సరుకుకి ఆ తెగ పేరు తగిలించి, తర్వాత తోక కోసేశారు. ‘గ్రాగ్’ ఆస్ట్రేలియాలో అచ్చం బూజ్‌లాగే వాడతారు. 1740లో బ్రిటిష్ నౌకాదళంలో పెద్ద అధికారి ఎడ్వర్డ్ వెర్నన్, నావికులకి రోజూ ఇచ్చే రమ్ములో నీళ్లు కలిపి పోయమని ఆర్డరేశాడు. ఆయన గ్రోగ్రామ్ అనే ముతక బట్టతో కుట్టిన కోటు వేసుకునేవాడు కాబట్టి చాటుగా ‘ఓల్డ్ గ్రాగ్’ అనేవాళ్లు, కడుపు మండి ఆ నీళ్ల రమ్ముకి ఆ పేరే పెట్టేశారు. నౌకాదళంలో ఆ రోజువారీ రమ్ము 1970 జులై 31 దాకా నడిచింది. నిద్రమత్తుగా ఉంటే ‘గ్రాగీ’ అంటాం కదా, అదీ ఆ కోటు పుణ్యమే. మరి మర్యాదస్తురాలైన ‘ఆల్కహాల్’ ఎక్కడిదీ అంటే, అరబిక్‌లో కంటికి పెట్టుకునే సుర్మా పొడి ‘అల్ కుహ్ల్’. మెత్తటి పొడి అనే అర్థం నుంచి సారం అనే అర్థానికి, అక్కడి నుంచి వైను సారానికి జారింది. కంటికి కాటుకగా మొదలై కళ్లు ఎర్రబడేదాకా వచ్చిందన్నమాట.

సరే, మరి మనం ఎక్కడ వాడాలి? స్నేహితులతో, చాట్‌లో, జోకులో హాయిగా వాడొచ్చు. బ్రిటిష్ టాబ్లాయిడ్ పేపర్లు హెడ్డింగుల్లో తెగ వాడతాయి, కారణం సులభం, అక్షరాలు తక్కువ, మసాలా ఎక్కువ. ఆఫీసు మెయిల్లో, ఇన్సూరెన్స్ ఫారంలో, కోర్టులో, ఇంటర్వ్యూలో వద్దు. పార్టీ గురించి హెచ్‌ఆర్‌కి మెయిల్ రాస్తూ ‘విల్ దేర్ బి బూజ్?’ అని అడిగితే మీరు పార్టీకి వచ్చేదే అందుకని వాళ్లకి ఖాయంగా అర్థమవుతుంది. అలాగే తాగుడు నిజంగా సమస్యగా ఉన్న మనిషి గురించి అతని ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ మాట జోలికి పోకపోవడం మేలు, అవతల బాధ ఉన్నప్పుడు కన్నుకొట్టే మాట గుచ్చుకుంటుంది.

నాకు బూజ్ మీద ఉన్న అసలు అనుమానం ఇంకొకటుంది. ఆ మాట కొలతని మింగేస్తుంది. బ్రిటన్‌లో డాక్టర్లు ఆల్కహాల్‌ని యూనిట్లలో లెక్కేస్తారు, ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్, నాలుగు శాతం బీరు ఒక పింట్, అంటే 568 మిల్లీలీటర్లు తాగితే దాదాపు 2.3 యూనిట్లు, వారానికి 14 దాటొద్దని 2016 నుంచి సలహా. ‘నిన్న ఆరు పింట్లు తాగా’ అంటే లెక్క కట్టొచ్చు, ఒక్క రాత్రిలోనే వారం కోటా దాదాపు అయిపోయింది. ‘నిన్న కాస్త బూజ్ పడింది’ అంటే ఎవడు కట్టగలడు? మనవాళ్లు ‘ఏదో కొంచెం వేశాం’ అంటారు చూడండి, ఆ ‘కొంచెం’లో ఎంతైనా పడుతుంది.

సబ్‌టైటిల్ సంగతికొస్తే, ఆ కుర్రాడి డైలాగుని చివరికి ‘మందేది?’ అని మార్చాను. ఒక్క మాటలో పనైపోయింది, నటుడి మొహానికీ సరిపోయింది. ఆ ఊపులో సినిమా మొత్తం వెతికి మద్యం అన్నచోటల్లా మందు పెట్టుకుంటూ పోయాను. చివర్లో ఒక ఆసుపత్రి సీనుంది. ముసలి డాక్టరు అదే కుర్రాడి రిపోర్టులు చూసి, కళ్లజోడు తీసి, ఆల్కహాల్ మానేయాలని మెల్లగా చెబుతాడు. అక్కడ నా సబ్‌టైటిల్ ‘ఇక మందు మానేయండి’ అని పడింది. ఆసుపత్రిలో, డాక్టరు, చేతిలో ప్రిస్క్రిప్షన్! గబగబా వెనక్కెళ్లి ఆ ఒక్కచోట మళ్లీ ‘మద్యం’ పెట్టాను.